ఊరూ పేరూ లేని వింతలు

పోయినేడాది ఒక స్కూల్లో జరిగిన సైన్సు ఎగ్జిబిషన్‌లో మా ట్యూషన్ పిల్లవాడు ఒకడు నా వల్ల తలదించుకోవాల్సి వచ్చింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. సాయంత్రం పూట మా మిద్దె మీద ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్తాను. చివరి పది నిమిషాలు పుస్తకాలు మూసేయిస్తాను. ఆ పది నిమిషాలూ ఇంటర్నెట్‌లో నాకు దొరికిన ఏదో ఒక వింత గురించి మాట్లాడుకుంటాం. ఇది నాకు డిగ్రీ రోజుల నుంచి ఉన్న అలవాటు. అప్పట్లో బాలాజీ కాలనీలో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లి, చూసినవన్నీ లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. మొదటి పేజీలో ఉన్నది ఒక కాఫీ పాత్ర కథ. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ విభాగం వాళ్లు మెట్లెక్కి కాఫీ కోసం వెళ్తే, తీరా పాత్ర ఖాళీగా కనిపించేదట. దాంతో 1991లో దాని ఎదురుగా ఒక కెమెరా పెట్టుకున్నారు. 1993 నుంచి ఆ కాఫీ పాత్రను ప్రపంచంలో ఎక్కడి నుంచైనా చూసే వీలు కలిగింది. 2001 ఆగస్టు 22న కెమెరా ఆపేశారు. ఆ వార్త చదివిన రోజే నేను నోట్‌బుక్ కొన్నాను. ఇప్పటికి నాలుగు నిండాయి.

పిల్లలకు ఆ పది నిమిషాలంటే ప్రాణం. వాన పడి కరెంటు పోయినా, "వింత చెప్పకుండా పంపించొద్దు మేడం" అంటారు.

ఒకరోజు మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన మెసేజ్ వాళ్లకు చదివి వినిపించాను. తిరుమల మీద ఉన్న శిలాతోరణం లాంటివి ప్రపంచం మొత్తమ్మీద మూడే ఉన్నాయని, ఆసియాలో ఇదొక్కటేనని అందులో ఉంది. మన కొండ గురించి కదా, చదువుతుంటే నాకే ఒళ్లు పులకరించింది. ఆ పిల్లవాడు దాన్ని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసుకుని ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లాడు. థర్మకోల్‌తో తోరణం కూడా చేశాడు, ఎంతో ఓపిగ్గా, రాతి పొరలు కూడా రంగులతో చూపించి. జడ్జిగా వచ్చిన ఒకాయన చార్టు చూసి, "మూడేనా? ఎవరు లెక్కపెట్టారు?" అని అడిగారట. వీడు "మా మేడం చెప్పారు సార్" అన్నాడు. "మీ మేడంకు ఎవరు చెప్పారు?" అని ఆయన మళ్లీ అడిగారు. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. రెండు రోజులు వాడు ట్యూషన్‌కు రాలేదు.

ఆయన అడిగిన రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని వెతికాను. అమెరికాలోని యుటా రాష్ట్రంలో ఆర్చెస్ నేషనల్ పార్క్ అని ఉంది. ఆ ఒక్క పార్కులోనే లెక్కకెక్కిన సహజ శిలాతోరణాలు 2000కు పైగా ఉన్నాయి. ఆసియాలో ఇదొక్కటే అన్న మాటా నిలబడదు. చైనాలో, షింజియాంగ్ కొండల్లో, షిప్టన్ తోరణం అని వందల మీటర్ల ఎత్తున్నది ఒకటుంది. మనది 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. గట్టి క్వార్ట్‌జైట్ రాయిని గాలీ నీరూ తొలిచి నిలబెట్టిన తోరణం అది. ఇంత చెప్తే చాలు, చూసినవాళ్లు ఎవరైనా ఆశ్చర్యపోతారు. దానికి 'మూడే' అన్న అంకె తగిలించాల్సిన పని ఎవరికి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఎవరు చూశారు, ఎక్కడ, ఎప్పుడు. ఈ మూడింటికీ జవాబు లేని వింతను ఇకమీదట పిల్లల ముందు పెట్టకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. గ్రూపులో కూడా అదే రాశాను. దయచేసి ఊరూ పేరూ లేని వింతలు పంపకండి, పంపితే నేను అడుగుతాను అని. మరుసటి రోజు పొద్దున్నే చిత్తూరు నుంచి మా పెద్దమామ ఫోన్ చేశాడు. ఆ శిలాతోరణం మెసేజ్ పంపింది ఆయనే.

"ఏం పాపా, సరదాకి పంపించేదానికి కూడా ఆధార్ కార్డు అడగతా ఉండావంట?"

"అవును మామా, అడుగుతాను."

"అట్లయితే ఇంక సరదా యాడుంటాది?"

మామ అన్నది చాలామంది మనసులో ఉన్న మాటే. వివరాలు అడిగితే వింత చచ్చిపోతుందని, అది తాకితే వాడిపోయే పువ్వులాంటిదని అనుకుంటారు. నా ఇరవై ఏళ్ల నోట్‌బుక్కుల అనుభవం దీనికి పూర్తిగా ఎదురు. మామకు ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, ఇక్కడ వివరంగా చెప్తాను.

ఒక వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. గాజు గరాటులోంచి నల్లటి చుక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. వెనక విషాద సంగీతం. "ఒక సైంటిస్టు జీవితమంతా ఈ చుక్క కోసం ఎదురుచూసి, చూడకుండానే పోయాడు" అని ఒక వాక్యం. అంతే. పావు నిమిషం అయ్యో అనుకుని పైకి తోసేస్తాం.

ఇప్పుడు ఊరూ పేరూ పెట్టి చెప్తాను. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరం, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం. థామస్ పార్నెల్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1927లో తారు జాతికి చెందిన పిచ్ అనే పదార్థాన్ని వేడిచేసి, అడుగు మూసిన గాజు గరాటులో పోశాడు. పిచ్ చేతికి రాయిలా గట్టిగా తగులుతుంది, సుత్తితో కొడితే పెంకుల్లా పగులుతుంది. అయినా అది ద్రవమేనని విద్యార్థులకు చూపించాలని ఆయన ఆలోచన. మూడేళ్లు దాన్ని కుదురుకోనిచ్చి, 1930లో గరాటు కాడను కోశాడు. మొదటి చుక్క పడేసరికి 1938 వచ్చింది. నీటికంటే దాదాపు 23,000 కోట్ల రెట్లు చిక్కనిదని ఆ తర్వాత లెక్కగట్టారు.

1961 నుంచి జాన్ మెయిన్‌స్టోన్ అనే ఆయన దాని సంరక్షకుడు. 1979లో వారాంతంలో ఆయన ఇంట్లో ఉన్నప్పుడు చుక్క పడింది. 1988లో కాసేపు ఏదైనా తాగివద్దామని పక్కకు వెళ్లినప్పుడు పడింది. 2000లో ఆయన ఊళ్లో లేడు. అయితే ఈసారి కెమెరా పెట్టి ఉంచారు. చుక్క పడే సమయానికి ఆ కెమెరా పనిచేయలేదు. 2013 ఆగస్టులో ఆయన పోయాడు. తొమ్మిదో చుక్క కింది చుక్కను తాకింది 2014 ఏప్రిల్‌లో. ఐర్లండ్‌లో, డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఇలాంటిదే 1944 నుంచి మరో గరాటు ఉంది. అక్కడ 2013 జులైలో చుక్క పడటం మొదటిసారి కెమెరాకు చిక్కింది. అంటే మెయిన్‌స్టోన్ పోవడానికి దాదాపు నెలన్నర ముందు.

ఇది చెప్పిన రోజు మా మిద్దె మీద ఎవరూ కదల్లేదు. ఒక పాప "ఆ డబ్లిన్ వీడియో ఆయన చూశాడా మేడం?" అని అడిగింది. ఇంకొకడు "ఎండాకాలం మన ఊళ్లో పెడితే తొందరగా పడుతుందా?" అన్నాడు. వాడి ప్రశ్న చాలా మంచిది. బ్రిస్బేన్‌లో కూడా భవనానికి ఏసీ పెట్టాక చుక్కలు ఇంకా ఆలస్యంగా పడటం మొదలైంది. ఆ పావు నిమిషం వీడియో చూసిన పిల్ల ఎవరైనా ఈ రెండు ప్రశ్నలూ అడగగలదా? అడగడానికి అందులో పట్టు దొరకదు. తేదీ లేదు, ఊరు లేదు, ఎండ లేదు, ఏసీ లేదు. సరదా ఎక్కడుంటుందని అడిగిన మామకు నా జవాబు ఇదే. సరదా ఆ వివరాల్లోనే ఉంది మామా.

ఇంకో రకం వాళ్లు ఉన్నారు. వాళ్లకు ఊరూ పేరూ ఉన్నా లేకపోయినా ఒకటే, ఈ వింతలన్నీ టైం వేస్ట్. ఒక పిల్లవాడి తండ్రి నాతో నేరుగా అన్నారు, "ఆ పది నిమిషాలు కూడా లెక్కలు చేయించండి మేడం, ర్యాంకు వస్తుంది" అని. ఆయన బాధ నాకు తెలుసు, ఫీజు కట్టడానికి ఆయన ఎంత కష్టపడతారో కూడా తెలుసు. అయినా ఆ పది నిమిషాలు నేను వదలలేదు. ఎందుకో ఒక ఉదాహరణ చెప్తాను.

మెల్‌బోర్న్ నగరంలో వరసగా కొన్నేళ్లు కరువు వచ్చి చెట్లు దెబ్బతిన్నాయి. నగరపాలక సంస్థ తన పరిధిలోని దాదాపు 70,000 చెట్లకు ఒక్కోదానికి ఒక నంబరు, ఒక ఈమెయిల్ అడ్రస్ ఇచ్చింది. కొమ్మ విరిగితేనో, ఆకులు ఎండిపోతేనో జనం ఫిర్యాదు చేస్తారని వాళ్ల ఉద్దేశం. జనం ఫిర్యాదులతో ఆగలేదు, చెట్లకు ఉత్తరాలు రాశారు. రోజూ నీ కింద నుంచే వెళ్తున్నాను, నువ్వంటే నాకు ఇష్టం అని రాసినవాళ్లున్నారు. నాకు పరీక్షలొస్తున్నాయి, నువ్వు చెట్టువి కాబట్టి నీకు ఆ బాధ లేదు అని ఒక విద్యార్థి ఒక ఎల్మ్ చెట్టుకు రాశాడు. కొన్ని ఉత్తరాలకు చెట్ల తరఫున ఉద్యోగులు జవాబులు కూడా రాశారు.

ఇది విన్న మరునాడు మా పిల్లల్లో నలుగురు చెట్లకు ఉత్తరాలు రాసుకొచ్చారు, నేను చెప్పకుండానే. ఒక అమ్మాయి తన స్కూలు దారిలో కొట్టేసిన వేపచెట్టుకు రాసింది. అది ఏ వీధిలో ఉండేదో, ఎన్ని అడుగుల దూరంలో ఏ అంగడి ఉందో, ఏ నెలలో కొట్టేశారో అన్నీ ఉన్నాయి అందులో. ఆ అమ్మాయి అంతకుముందు తెలుగులో నాలుగు వాక్యాలు సొంతంగా రాయడానికి భయపడేది. ఆ తండ్రికి ఆ కాగితం చూపించాను. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు, తిరిగి ఇవ్వలేదు. పది నిమిషాల సంగతి మళ్లీ ఎత్తలేదు.

మరి ఊరూ పేరూ ఉన్నదల్లా నిజమేనా? కాదు. ఈ మాట నన్ను చాలామంది అడిగారు, అడగాల్సిందే. కానీ ఊరూ పేరూ ఉన్న తప్పుకు ఒక మంచి గుణం ఉంది, దాన్ని వెతుక్కుంటూ వెళ్లి సరిదిద్దొచ్చు. ఆస్ట్రేలియాకూ న్యూ కాలెడోనియాకూ మధ్య కోరల్ సముద్రంలో శాండీ ఐలాండ్ అనే దీవి ఉన్నట్టు వందేళ్లకు పైగా మ్యాపుల్లో ఉండేది. గూగుల్ మ్యాప్‌లో కూడా ఉండేది. 2012 నవంబరులో సదరన్ సర్వేయర్ అనే పరిశోధన నౌక సరిగ్గా అక్కడికి వెళ్లింది. అక్కడ దీవి లేదు. కింద 1300 మీటర్లకు పైగా లోతున్న సముద్రం ఉంది. అది మ్యాపుల్లోకి ఎలా వచ్చిందని వెనక్కి వెతికితే, 1876లో వెలాసిటీ అనే తిమింగలాల వేట ఓడ ఇచ్చిన సమాచారం దాకా వెళ్లగలిగారు. ఓడ పేరుంది, సంవత్సరం ఉంది, సముద్రంలో చోటు రాసి ఉంది. అందుకే 136 ఏళ్ల తర్వాత ఎవరో అక్కడికి వెళ్లి చూసి, లేదు అని చెప్పగలిగారు. మా మామ పంపిన 'మూడే' అన్న అంకె దగ్గరికి ఏ నౌకలో వెళ్లాలి?

పుంగనూరు ఆవు సంగతి కూడా చెప్పాలి, ఇది మన వైపు ఊరి పేరు పెట్టుకున్న జీవి. "ప్రపంచంలోనే అతి చిన్న ఆవు మన పుంగనూరు ఆవు" అని వీడియోలు నెలకోసారైనా వస్తాయి. కొన్నిట్లో చూపించేది అసలు పుంగనూరు ఆవే కాదు. విడిగా ఒక్కో ఆవుగా రికార్డుకెక్కినవి వేరే ఉన్నాయి. కేరళలో మాణిక్యం అనే వెచ్చూరు ఆవు ఎత్తు 2014లో 61.1 సెంటీమీటర్లు. 2021లో బంగ్లాదేశ్‌లో రాణి అనే ఆవు 50.8 సెంటీమీటర్లతో దాన్ని దాటింది. అయితే గుర్తింపు వచ్చేసరికి పాపం అది చనిపోయింది. పుంగనూరు ఆవు గొప్ప వేరే. అది ఒక్క ఆవు కథ కాదు, ఒక జాతి కథ. జాతి జాతంతా 70 నుంచి 90 సెంటీమీటర్ల దగ్గర నిలిచిన పొట్టి పశువులు ప్రపంచంలోనే అరుదు. ఒక దశలో అంతరించిపోయే స్థితికి వచ్చిన ఆ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతూ వచ్చారు. ఆ మాట చెప్పే వీడియో నాకు ఒక్కటీ ఫార్వర్డ్‌గా రాలేదు. రికార్డు మనదే అని చెప్పుకునే తొందరలో, ఆ జాతిని నిలబెట్టిన మనుషుల పనిని పక్కన పడేస్తున్నాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే. వింత నుంచి ఊరూ పేరూ తీసేయడమంటే, దాని వెనక పనిచేసినవాళ్లకు అన్యాయం చేయడం.

కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీలో వాటంతటవే కదిలే రాళ్లున్నాయని ఇప్పటికీ "సైన్సుకు అందని మిస్టరీ" పేరుతో తిరుగుతోంది. అది 2013 డిసెంబరులోనే అందింది. రాళ్లకు జీపీఎస్ కట్టి, ఏళ్ల తరబడి కాపు కాసి, పలుచని మంచు పలకలు గాలికి విరిగి వాటిని నెట్టుకుపోవడం కళ్లారా చూశారు. 2014లో ప్రచురించారు. మిస్టరీ అన్న ఒక్క మాట ఉంచుకోవడం కోసం ఆ కాపు కాసినవాళ్లను తుడిచేస్తున్నారు.

ఆ పిల్లవాడి దగ్గరికి వస్తాను. మూడో రోజు నేనే వాళ్లింటికి వెళ్లి, వాళ్లమ్మ ముందే, తప్పు నాదని చెప్పాను. ట్యూషన్‌లో అందరి ముందూ మళ్లీ చెప్పాను. ఆ తర్వాత, మన కొండ గురించి ఊరూ పేరూ ఉన్న వింత ఒకటి వాడికి బాకీ ఉన్నాననిపించి వెతికాను. వెతుకుతుంటే మన చుట్టూ ఎన్ని ఉన్నాయో తెలిసింది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర పొలాల మధ్య 1024 యాంటెనాలు వరసలుగా నిలబడి ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, పైగాలుల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని వింటుంటాయి. ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు పోయి ఉంటాం! కానీ వాడికి కావలసింది కొండ.

కొండ మాకు మిద్దె మీద నుంచే కనిపిస్తుంది. ఒకరోజు సాయంత్రం ఐదింటికే రమ్మన్నాను, వెలుతురు ఉండగా. కొండను బాగా చూడమన్నాను. కింద ఏటవాలుగా, చెట్లతో, గుండ్రటి బండలతో ఉంటుంది. పైన ఉన్నట్టుండి నిట్టనిలువు గోడ, ఎర్రగా, పొరలు పొరలుగా. కింద ఉన్నది గ్రానైట్, వయసు 210 కోట్ల ఏళ్లకు పైమాటే. పైన ఉన్నది నగరి క్వార్ట్‌జైట్, దాదాపు 160 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్న ఆ రెండు రాళ్ల మధ్య కనీసం 50 కోట్ల ఏళ్ల తేడా ఉంది. ఆ కాలానికి సంబంధించిన రాయి అక్కడ లేదు. దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. ఘాట్ రోడ్డులో ఇది కనిపించే చోటును జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. చేపలు పుట్టినప్పటి నుంచి ఈ రోజు దాకా గడిచిన కాలం దాదాపు ఆ 50 కోట్ల ఏళ్లంత ఉంటుంది. కొండెక్కే ప్రతి బస్సూ ఆ గీతను దాటుకునే పోతుంది.

"అటెండెన్స్ రిజిస్టర్‌లో మధ్య పేజీలు పోయినట్టా మేడం?" అని అడిగాడు వాడు.

అంతేనన్నాను. గ్రానైట్ పైకి తేలి, వానకూ గాలికీ కోట్ల ఏళ్లు అరిగిపోయింది. ఆ తర్వాత నీళ్లు వచ్చాయి, ఇసుక పరిచాయి, ఆ ఇసుకే గట్టిపడి పైన కనిపించే గోడ అయింది. ఆ రాళ్ల మీద అలల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

"అంటే కొండ మీద నీళ్లుండేవా?"

"అప్పటికి కొండ లేదురా."

వాడు చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, వేలితో ఆ గీత వెంబడే పడమర నుంచి తూర్పుకు గీసుకుంటూ పోయాడు. మిగతా పిల్లలు వాడి వెనక నిలబడి వాడి వేలి మీదుగా చూడటం మొదలుపెట్టారు. చీకటిపడి కొండ మీద లైట్లు వెలిగే దాకా ఎవరూ కిందికి దిగలేదు. ఆ రోజు లెక్కలు చేయలేదు. ఈ ఏడాది ఎగ్జిబిషన్‌కు మళ్లీ చార్టు రాస్తున్నాడు వాడు. అడుగున ఒక మూల, ఎవరు చెప్పారు, ఎక్కడ, ఎప్పుడు అని మూడు గడులు గీసుకున్నాడు.